కోచ్ వెంట వెళ్లినవాడు

కాలేజీ ఫుట్‌బాల్ కోచ్ హాస్కిన్స్ మాట తప్పిన మనిషి. మా వంటింట్లో కూర్చుని, నా భార్య వెర్నెల్ చేసిన పీచ్ పండ్ల కాబ్లర్, ఆ తీపి వంటకం, రెండుసార్లు పెట్టించుకుని తిని, "మీ అబ్బాయి కార్లిస్ చేతికి డిగ్రీ వచ్చేదాకా వాణ్ణి వదలనమ్మా" అన్నాడు. తర్వాత వెర్నెల్ చనిపోయింది. సీజన్ ముగిసి, బాగా ఆడిన జట్లకి చివర్లో పెట్టే బౌల్ ఆట ఒక్కటే మిగిలి ఉండగా, అతను ఇంకో పెద్ద యూనివర్సిటీకి కోచ్‌గా వెళ్లిపోయాడు.

కొడుకును బౌల్ ఆటలో చూడాలని వెర్నెల్ కోరిక. ఆమె బదులు నేను చూద్దామని ఆ ఆట జరిగే ష్రీవ్‌పోర్ట్ ఊరికి వెళ్లాను. స్టేడియం బయట మా ఊరివాళ్లు పంది పక్కటెముకలు కాలుస్తున్నారు. నేను హాస్కిన్స్‌ను తిడుతున్నాను.

"నెమ్మదయ్యా, ఈ పొయ్యికంటే నువ్వే ఎక్కువ మండుతున్నావు," అన్నాడు పొరుగింటి ఓడెల్. అందరూ నవ్వారు.

అప్పుడే కార్లిస్ వచ్చాడు. ఆ వేళకి జెర్సీ వేసుకుని జట్టుతో ఉండాల్సినవాడు మామూలు చొక్కాలో ఉన్నాడు.

"దెబ్బ తగిలిందా?" అన్నాను.

"లేదు నాన్నా. నేనివాళ ఆడట్లేదు. కోచ్ తన దగ్గరికి రమ్మన్నాడు, వెళ్తున్నా. ఇప్పుడు మోకాలు విరిగితే అక్కడ తీసుకోరు."

నేను చేతిలోని ప్లేటు పక్కన పెట్టాను.

"మరి మీ అమ్మకి వాడిచ్చిన మాట?"

"ఆయన నన్ను వదల్లేదుగా నాన్నా. తీసుకెళ్తున్నాడు."

లోపల బ్యాండు మోగింది, జనం కదిలారు. నేను మాత్రం లోపలికి వెళ్లలేదు. ఆ ఆటలో ఎవరు గెలిచారో నేను కనుక్కోలేదు.

మీరు అడిగారు కాబట్టి ఒకసారి చెప్పాను. ఇక ఈ మాట నా నోట రాదు.