మేడమ్ గారి గొంతు

తర్కశాస్త్రం మాస్టారికి క్రమశిక్షణ సంఘం అంటగట్టారంటే ఆ కాలేజీలో ఇంకెవరూ దొరకలేదని అర్థం. అంతకుముందు ఆ పని చూసిన లెక్కల మాస్టారు రక్తపోటు పేరు చెప్పి తప్పుకున్నాడు. ఇంగ్లీషు మేడమ్ చంటిపిల్లాణ్ణి చూపించింది. మన మాస్టారికి జబ్బూ లేదు, చంటిపిల్లలూ లేరు, పైగా కాదనడం చేతకాదు. ఏ మాటైనా 'అయితే' అని మొదలుపెట్టి అక్కడే ఆగిపోతాడని పిల్లలు ఆయనకి 'అయితేగారు' అని పేరు పెట్టుకున్నారు. ఆ సంగతి ఆయనకి తెలుసు. తెలిసినట్టు కనబడితే ఏదో ఒక చర్య తీసుకోవాలని, తెలియనట్టే ఉండేవాడు.

"ఇంట్లో పిల్లి కూడా మీ మాట వినదు. మీరు కాలేజీని అదుపులో పెడతారా?" అంది భార్య.

"అయితే..."

"అయితే లేదు, గియితే లేదు. సంతకం పెట్టేముందు చదవండి, అంతే."

క్రమశిక్షణ సంఘంలో ఇంకో ఇద్దరున్నారు. ఒకరు అమ్మాయిల హాస్టలు వార్డెన్, ఇంకొకరు డ్రిల్లు మాస్టారు. ఈ సంఘానికి ఎప్పటినుంచో ఒక ధర్మసందేహం ఉంది: గేటు బయట పిల్లలు చేసేదానికి కాలేజీ పూచీ ఎంతవరకు? నియమాల పుస్తకంలో 'లోపల గానీ వెలుపల గానీ' అని ఉంది. ఆచరణలో మాత్రం బయట పతకం గెలిస్తే వాడు మన విద్యార్థి, బయట తన్నుకుంటే ఎవరి పిల్లాడో. డ్రిల్లు మాస్టారికి ఇందులో అనుమానమే లేదు. "నా పిల్లలు గేటు దాటాకే తన్నుకుంటారండీ, లోపల చెయ్యెత్తరు. ఆ మాత్రం క్రమశిక్షణ నేనే నేర్పాను" అనేవాడు.

ఇలా ఉండగా హాస్టలు ముందున్న వీధిలో గొట్టాలు మారుస్తామని నీళ్ళ శాఖవాళ్ళు పెద్ద గొయ్యి తవ్వారు. తవ్వినవాళ్ళు మళ్ళీ మొహం చూపించలేదు. వాన నీళ్ళూ మురుగు నీళ్ళూ చేరి అది కుంట అయి కూర్చుంది. దాటడానికి ఎవరో ఒక పాత తలుపు అడ్డంగా పడేశారు. దాని మీద నడుస్తూ హాస్టలు పిల్ల ఒకతి జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. కాలేజీ వినతి మీద వినతి పంపింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది.

అలాంటిది, ఒకరోజు పొద్దున్నే లారీలు దిగాయి. వెనకాలే ఇంజనీరు స్వయంగా దిగాడు. ఎండలో నిలబడి గొట్టాలు వేయించాడు, గొయ్యి పూడ్పించాడు, రోడ్డు చదును చేయించాడు. వీధివాళ్ళు ముక్కున వేలేసుకుని, ఇదేం వింత బాబూ అని అడిగితే, "మా ప్రిన్సిపాల్ మేడమ్ ఫోన్ చేశారండీ. నేను ఆవిడ దగ్గర చదువుకున్నాను. ఇన్నేళ్ళ తర్వాత నన్ను గుర్తుపెట్టుకున్నారు" అని కళ్ళు తుడుచుకున్నాడు.

వీధి వీధంతా కదిలి ప్రిన్సిపాల్ మేడమ్ గదికి వచ్చింది. మేడమ్ ముందు తెల్లబోయింది. ఆవిడ ఏ ఫోనూ చెయ్యలేదు. కానీ వెతుక్కుంటూ వచ్చిన పొగడ్తని గుమ్మంలోంచి తిప్పి పంపడం ఎవరి తరం? "ఏదో లెండి, ఒక్క ఫోన్ చేశాను" అంది. పాలకవర్గం ముందు ఆ ఫోన్‌లో ఏమన్నదో కూడా చెప్పింది. చెప్పగా చెప్పగా ఆవిడకే నమ్మకం కుదిరింది.

ఆ వేడి మీదే వార్డెన్ ఫిర్యాదు పట్టుకొచ్చింది. హాస్టల్లో చిలక అనే పిల్ల ఉంది. అది తోటిపిల్లలు పెట్టిన పేరే. ఏ గొంతు విన్నా దింపేస్తుంది. రైలు ప్రకటనలు, కుళాయి గురక, వార్డెన్ గురక, అన్నీ. ఆ చిలక ఎదురుగా ఉన్న జిరాక్సు కొట్లో నిలబడి, కొట్టువాడి ఫోన్ అడిగి తీసుకుని, ప్రిన్సిపాల్ గొంతుతో ఎవరితోనో మాట్లాడిందట.

మేడమ్ మొహం కందగడ్డ అయింది. "నా గొంతా! జిరాక్సు కొట్లోనా! మాస్టారూ, పేరుకి ఒక విచారణ జరిపి, టీసీ చేతిలో పెట్టి పంపెయ్యండి." ఎవరితో మాట్లాడిందని అడగాలని ఆవిడకి తోచలేదు.

గ్రంథాలయం వెనక, కాళ్ళు విరిగిన కుర్చీలు దాచే గదిలో విచారణ మొదలైంది. చిలక కళ్ళజోడు సర్దుకుంటూ వచ్చి నిలబడింది. బక్కపల్చని పిల్ల. భయం ఉంది గానీ బెదురు లేదు.

"అయితే అమ్మా, మేడమ్ గొంతుతో ఫోన్ చేశావా?"

"చేశాను సార్."

ముగ్గురూ మొహాలు చూసుకున్నారు. నిందితులు మొదట కాదనాలి, తర్వాత ఏడవాలి, ఆఖర్న ఒప్పుకోవాలి. అది పద్ధతి. ఈ పిల్ల పద్ధతంతా పాడుచేసింది.

"అంత తేలిగ్గా ఒప్పేసుకుంటే ఎలా?" అంది వార్డెన్ నిరాశగా. "ఎలా చేశావో చూపించు. రుజువు కావాలి."

చిలక బల్ల మీదున్న డస్టరు తీసి చెవికి ఆనించుకుంది. ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది.

"నీళ్ళ శాఖేనా? నేను ప్రిన్సిపాల్ని. కూర్చుని మాట్లాడుతున్నావా, నిలబడి మాట్లాడుతున్నావా?"

డ్రిల్లు మాస్టారు చటుక్కున లేచి నిలబడ్డాడు. వరండాలో కిచకిచలాడుతున్న పిల్లలు టక్కున ఆగిపోయారు. తర్కశాస్త్రం మాస్టారు తన చొక్కా గుండీ ఊడి ఉందేమోనని తడుముకున్నాడు.

"ఈ ఊరి ఆఫీసుల్లో సగం కుర్చీల్లో నా శిష్యులే ఉన్నారని రోజూ పిల్లలకి గొప్పగా చెప్పుకుంటాను. నువ్వు తవ్వించిన గోతిలో నా పిల్ల కాలు విరిగింది. రేపు వాళ్ళకి నీ గురించి ఏమని చెప్పమంటావు?"

డస్టరు బల్ల మీద పెట్టేసి చిలక మళ్ళీ చిలక అయిపోయింది. "అంతే సార్. కాలు విరిగింది నా గదిలో పిల్లకే. మేడమ్ పంపిన వినతులు ఎవరూ చదవట్లేదు. గొంతు అయితే వింటారనిపించింది."

మాస్టారి బుర్రలో అప్పటికి గంట మోగింది. "అయితే... ఆ గొయ్యి..."

"పూడ్చేశారు కదండీ."

డ్రిల్లు మాస్టారు ఇంకా నిలబడే ఉన్నాడు. "కూర్చోండి, మేడమ్ వెళ్ళిపోయారు" అంది వార్డెన్.

మాస్టారు ప్రిన్సిపాల్ గదికి వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. మేడమ్ లేచి కిటికీ రెక్క మూసింది. ఆ వారమే వీధివాళ్ళు ఆవిడకి సన్మానం పెట్టుకున్నారు. వేదిక మీద ఇంజనీరు కూడా మాట్లాడతాడు. పాలకవర్గం అంతా వస్తుంది.

"మాస్టారూ, ఆ ఫోన్ ఎవరు చేశారు?"

"చిలక..."

"నేను చేశాను. ఊరంతటికీ తెలుసు."

"అయితే ఆ పిల్ల చెయ్యలేదన్నమాట. నేరమే లేకపోతే శిక్షా లేదు కదండీ" అన్నాడు మాస్టారు. తర్కం ఇన్నాళ్ళకి ఒకరికి పనికొచ్చిందని లోలోపల సంతోషించాడు కూడా.

"ఎందుకు లేదు? చెయ్యని పని చేశానని విచారణ సంఘం ముందు అబద్ధం చెప్పింది. అది నేరం కాదూ? టీసీ అక్కర్లేదు. కొన్నాళ్ళు ఇంటికి పంపండి. సన్మానం అయ్యేదాకా."

మాస్టారు నోరు తెరిచాడు. మేడమ్ వాదనలో లోపం వెతికాడు. మొదటి మాట నిజమని ఒప్పుకుంటే తక్కినదంతా తూచినట్టు సరిపోయింది. పాఠం చెప్పేటప్పుడు బల్ల గుద్ది తాను చెప్పేదీ అదే. సంతకం పెట్టాడు. పెట్టేముందు చదివాడు కూడా. అందుకే రాత్రి ముద్ద దిగలేదు.

"తప్పు చేసినందుకు పంపుతున్నారా, ఒప్పుకున్నందుకా?" అని అడిగింది భార్య.

"చెయ్యలేదు గనక."

ఆవిడ కంచం తీసేసింది. ఇంకో ప్రశ్న అడిగితేనే బాగుండేదనిపించింది మాస్టారికి.

మర్నాడు కూతుర్ని తీసుకెళ్ళడానికి చిలక నాన్న వచ్చాడు. ఊరూరూ తిరిగి కుట్టుమిషన్లు బాగుచేసే మనిషి. చేతుల నూనె మరకలు కనబడకుండా వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు. "ఏం చేసిందండీ మా పిల్ల?"

"అదే... చెయ్యని పని చేశానని చెప్పింది."

"మరి అసలు చేసిందాండీ?"

"చేసింది" అన్నాడు మాస్టారు. నోరు జారింది. జారిన మాటని వెనక్కి తీసుకోవాలని కూడా అనిపించలేదు.

తండ్రి అవమానంతో కూతురి వైపు తిరిగాడు. "పెద్దవాళ్ళకి ఎదురుమాట చెప్పకూడదని నేర్పానే! ఎదురు నిజం చెప్పచ్చని ఎవరన్నారు నీకు? సార్‌కి క్షమాపణ చెప్పు."

"నిజం చెప్పినందుకా, అబద్ధం చెప్పినందుకా నాన్నా?"

"ఏదో ఒకటి చెప్పమ్మా, బస్సు పోతుంది."

"క్షమించండి సార్" అంది చిలక మాస్టారితో. ఆ మాట ఎవరు ఎవరికి చెప్పాల్సిందో తెలిసి మాస్టారు తల దించుకున్నాడు. సంచీ అందుకుని, వద్దన్నా వినకుండా బస్సుదాకా మోసుకెళ్ళాడు.

సన్మానం ఘనంగా జరిగింది. ఇంజనీరు మైకు పట్టుకుని ఫోన్‌లో విన్న మాటలన్నీ పొల్లుపోకుండా అప్పజెప్పాడు. 'రేపు వాళ్ళకి నీ గురించి ఏమని చెప్పమంటావు' అన్నచోట ఆగి, మేడమ్ వైపు తిరిగి దణ్ణం పెట్టాడు. జనం చప్పట్లు కొట్టారు. మేడమ్ చప్పట్లు కొట్టబోయి, తన మాటలకి తనే కొట్టుకోకూడదని చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఆ మాటలు ఆవిడ మొదటిసారి వింటోంది. ముందు వరసలో ఉన్న మాస్టారి వైపు ఒక్కసారి చూసి చూపు తిప్పుకుంది.

సన్మానం కాగానే చిలక తిరిగొచ్చింది. కొన్నాళ్ళకి హాస్టలు వీధి దీపాలు ఆరిపోయాయి. వీధివాళ్ళు ఈసారి తిన్నగా మేడమ్ దగ్గరికే వచ్చారు. "ఒక్క ఫోన్ కొట్టండి తల్లీ." ఆ కరెంటు ఆఫీసరు కూడా ఆవిడ శిష్యుడే. మేడమ్ మాస్టారి ముందే ఫోన్ తీసింది.

"నేను ప్రిన్సిపాల్‌ని మాట్లాడుతున్నాను."

అవతల నవ్వు వినబడింది. "ఎవరమ్మా నువ్వు? బాగానే చేస్తున్నావు గానీ, మేడమ్ గొంతు దింపే పిల్ల ఒకతి ఉందని ఊరంతటికీ తెలుసు. అసలు మేడమ్ అయితే ఈపాటికి నన్ను నిలబెట్టేసేవారు. పో, చదువుకో." ఫోన్ పెట్టేశాడు.

విచారణ సంగతి గోప్యంగా ఉంచమని వార్డెన్‌కి అప్పుడే చెప్పారు. వార్డెన్ గోప్యంగానే చెప్పింది, ఒక్కొక్కరికీ విడివిడిగా.

మేడమ్ ఫోన్ బల్ల మీద బోర్లించింది. తర్వాత, "ఆ అమ్మాయిని రమ్మనండి" అంది.

చిలక వచ్చింది. తలుపు వేశారు. గదిలో ముగ్గురే ఉన్నారు.

"ఇంజనీరుతో ఎలా మాట్లాడావో అలా ఒకసారి మాట్లాడు."

చిలక మాస్టారి వైపు చూసింది. "సార్, మాట్లాడితే మళ్ళీ..."

"మాట్లాడమ్మా. ఈసారి సంతకం పెట్టను" అన్నాడు మాస్టారు. అలా అనగలిగినందుకు ఆయనే ఆశ్చర్యపోయాడు. మేడమ్ ఆయన్ని ఎగాదిగా చూసింది.

చిలక మాట్లాడింది. మేడమ్ కదలకుండా వింది.

"నేను ఇంత కటువుగా మాట్లాడతానా?"

"లేదండీ" అంది చిలక. మేడమ్ ఊపిరి పీల్చుకుంది. "నేను కొంచెం తగ్గించాను."

మాస్టారు దగ్గు నటించి కిటికీ వైపు తిరిగాడు. మేడమ్ నవ్వలేదు, కోప్పడనూ లేదు. "నా పిల్ల కాలు విరిగింది అన్నావు చూడు... అది నేను అనను. అనాలని నాకు తోచదు" అంది నెమ్మదిగా. "కరెంటాఫీసుకి నువ్వు ఫోన్ చెయ్యకు. నేనే వెళ్తాను."

వెళ్ళింది. మాస్టారు తోడు వెళ్ళాడు. ఆఫీసరు మీటింగులో ఉన్నాడని బయట బల్ల మీద కూర్చోబెట్టారు. పక్కన కరెంటు కోత గురించి మొత్తుకోవడానికి వచ్చిన ముసలమ్మ ఒకతి, "మీరేం పని చేస్తారమ్మా?" అని అడిగితే, "పంతులమ్మని" అంది మేడమ్. ఇద్దరూ మధ్యాహ్నందాకా కబుర్లు చెప్పుకున్నారు. ఆఫీసరు బయటికొచ్చి, ఎదురుగా మేడమ్‌ని చూసి, నిలువునా నీరైపోయాడు. ఆవిడ వాణ్ణి తిట్టలేదు. ముందు ముసలమ్మ పని చూడమంది. చీకటి పడేసరికి వీధి దీపాలన్నీ వెలిగాయి.

మర్నాడు వీధివాళ్ళు కదిలి వచ్చారు. మేడమ్ లేచి చీర సర్దుకుని నిలబడింది. ఆపాటికి వార్డెన్ గోప్యం వీధిదాకా చేరింది. వాళ్ళు ఆవిడ గది దాటుకుని, హాస్టలు దగ్గరికి వెళ్ళి చిలకని మెచ్చుకున్నారు. నేను ఏ ఫోనూ చెయ్యలేదు మొర్రో అని చిలక ఎంత మొత్తుకున్నా ఒక్కరూ వినలేదు. సాయంత్రానికి వార్డెన్, చిలక మళ్ళీ మేడమ్ గొంతు దింపిందని కొత్త ఫిర్యాదు పట్టుకుని మాస్టారి ముందు నిలబడింది.

"బల్ల మీద కూర్చుని పడిగాపులు పడింది నేను. ఆ సంగతి చెప్పండి వాళ్ళకి!" అంది మేడమ్.

"చెప్పానండీ" అన్నాడు మాస్టారు. "మీరు పెద్దమనసుతో పిల్లని కాపాడుతున్నారనుకుంటున్నారు."

మేడమ్ కుర్చీలో కూలబడింది. "విచారణ ఎప్పుడు?" అని అడిగింది.

"మీరు సాక్ష్యానికి వస్తానంటే రేపే పెడతాను" అన్నాడు మాస్టారు.