తొమ్మిది నిమిషాల లాప్‌టాప్

కెర్నెల్ అనే లోపలి సాఫ్ట్‌వేర్‌కి అప్‌డేట్ పడిన దగ్గర్నుంచి ఆమె లాప్‌టాప్‌కి బద్ధకం పట్టుకుంది. ఇదివరకు బటన్ నొక్కి వదిలేస్తే అదే తెరుచుకునేది. ఇప్పుడు తొమ్మిది నిమిషాలు! మూడు రోజులుగా తొమ్మిది గంటల మీటింగ్‌కి ఆలస్యమే. "ఇంట్లో కుదరకపోతే చెప్పండి మేడమ్, కొత్త ప్రాజెక్టు ఇంకెవరికైనా ఇద్దాం" అన్నాడు మేనేజరు, ఎంతో జాలిగా. ఆ ప్రాజెక్టు కోసం ఆమె రెండేళ్లుగా కళ్లు కాయలు కాచేలా ఎదురుచూస్తోంది.

"కనపడ్డ అప్‌డేటల్లా నొక్కేయడమేనా?" అన్నాడు భర్త. ఫోన్లో అలారం మార్చడానికి ఆయనకి భార్య కావాలి. సలహా ఇవ్వడానికి మాత్రం ఎవరి సాయమూ అక్కర్లేదు.

"అది లేచేలోగా ఆ బట్టలు ఆరేసి రామ్మా" అనేది అత్తగారు. "అమ్మా, రెండో సాక్సు!" అని కూతురు. మామగారి కళ్లజోడు ఆయన నుదుటిమీదే దొరికేది. అన్నీ ముగించి రొప్పుతూ వచ్చేసరికి నల్లటి తెరమీద పాస్‌వర్డ్ అడుగుతూ ఉండేది. 'ఇప్పటికి నోరు తెరిచావా తల్లీ!' అని తిట్టుకుంటూ కొట్టేది.

శనివారం తీరిగ్గా కూర్చుని, ఏ పనికి ఎంతసేపు పట్టిందో చెప్పమని యంత్రాన్నే అడిగింది. చిట్టా వచ్చింది. అసలు తెరుచుకోవడానికి ముప్పై ఎనిమిది సెకన్లు. పాస్‌వర్డ్ కొడతారేమోనని ఎదురుచూసింది ఎనిమిది నిమిషాల పైచిలుకు.

ఆమె పకపకా నవ్వింది. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు, పాపం దీన్నా ఇన్నాళ్లూ తిట్టింది! అప్‌డేట్ వల్ల పోయింది పాస్‌వర్డ్ అడక్కుండా దానంతట అదే తెరుచుకునే ఏర్పాటు ఒక్కటే. రెండు నిమిషాల్లో మళ్లీ పెట్టేయొచ్చు. పెట్టేస్తే అది దాని మానాన తెరుచుకుంటుంది, తను హాయిగా సాక్సులు వెతుక్కోవచ్చు. హాయిగా! ఒళ్లు మండింది. కీబోర్డు మీదికి వెళ్లిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

సోమవారం తొమ్మిదికి పది నిమిషాలుందనగా బటన్ నొక్కి కుర్చీలో కూర్చుంది. మూడు గదుల్లోంచి మూడు కేకలు వినపడ్డాయి. కదల్లేదు. పాస్‌వర్డ్ కొట్టి, వేడి టీ తాగుతూ, మీటింగ్‌లో చెప్పాల్సినవి ఒకసారి చదువుకుంది.

భర్త గుమ్మంలో ఆగిపోయాడు. "ఇంత త్వరగానా! ఏం రిపేరు చేశావు?"

"దానికి ఏ రోగమూ లేదండీ. నేను లేచి వెళ్తే ఆలస్యమవుతోంది, అంతే. ఇక లేవను."