పిండిమరను కొండెక్కించిన జీపు

అంజనప్ప ఆ జీపు కట్టడానికి నాలుగేళ్లు పట్టింది. బెంగుళూరులో మిలిటరీ వాళ్లు తీసేసిన సామాన్లు అమ్మే యార్డులో చాసిస్ దొరికింది. హోసూరు దగ్గర ఒక తోటలో కోళ్లు గుడ్లు పెట్టుకుంటున్న పెట్రోలు ఇంజను దొరికింది. సేలం నుంచి గేరుబాక్సు వచ్చింది. బాడీ మాత్రం ఎక్కడా దొరకలేదు. అదియమాన్‌కోట్టైలో వెల్డింగ్ షెడ్డు నడిపే తంగరాజ్ రేకులు కొట్టి, వంచి, అతికి తయారుచేశాడు. 1984 ఫిబ్రవరి నెలాఖరుకు ఆకుపచ్చ రంగు కూడా పడి, వెల్లిచందైలో అంజనప్ప ఇంటి వాకిట్లో జీపు జీపులాగే నిలబడింది.

అంజనప్ప మెకానిక్ కాదు, రైతు. రాగి, వేరుశనగ పండిస్తాడు. అయితే చుట్టుపక్కల ఏ బావి మీద మోటారు ఆగిపోయినా జనం ఆయన్నే పిలుచుకుపోయేవారు. విప్పిన ఇంజను ముందు కూర్చుంటే ఆయనకు ఆకలి కూడా గుర్తుండదు. రోడ్డు మీద పోయే బండి ఆయనకు అక్కర్లేదు. వాగులో దిగి లేచేది, రాళ్ల మీద ఎక్కేది, నాలుగు చక్రాలూ ఒకేసారి లాగేది కావాలి. ఎందుకని అడిగితే చెప్పలేడు. "చూడాల కద" అనేవాడు.

ఆయన పనిని నిజంగా పట్టించుకున్నది పాపక్క ఒక్కతే. పాపక్క అంజనప్పకు సొంత అక్క, పన్నెండేళ్లు పెద్ద. అదే ఊళ్లో ఇచ్చారు కాబట్టి ఆమె పొలం తమ్ముడి పొలం పక్కనే. ఇరవై ఏళ్లుగా తన బావి మీది ఆయిల్ ఇంజను తనే తిప్పుకుంటోంది. చదువు లేదు కానీ చెవి ఉంది. గట్టు మీద కలుపు తీస్తూనే, "ఎవుర్దో బెల్టు జారతా ఉండాది, పోయి చూడండి" అనేది. పోయి చూస్తే జారుతూనే ఉండేది.

రంగు ఆరిన వారంలోనే, మంగళవారం పొద్దున అంజనప్ప బానెట్ కింద తల పెట్టి ఉండగా, ఒకామె వచ్చి వాకిట్లో నిలబడింది. కాళ్లకు దుమ్ము మోకాళ్ల దాకా ఉంది. పేరు మారియాయి. ఎదురుగా కనబడే కొండ మీద ముప్పై ఇళ్ల ఊరు ఆమెది. తెలుగు రాదు, తమిళంలోనే మాట్లాడింది.

"అన్నా, ఈ బండి మా కొండ ఎక్కుతుందా?"

అంజనప్ప తల పైకి తీశాడు. మారియాయి సంగతంతా చెప్పింది. కొండ మీద పిండిమర లేదు. ఆడవాళ్లు రాగుల మూటలు నెత్తిన పెట్టుకుని కిందికి దిగి, పిండి పట్టించుకుని మళ్లీ ఎక్కాలి. ఒక పూటంతా దానికే పోతుంది. ఊరంతా కూడి ఎలాగో ఒక మర తెప్పించుకున్నారు. మర రాళ్లు రెండు, దాన్ని తిప్పే ఇంజను ఒకటి. అవి కొండ కింద తాటాకుల పందిరిలో రెండు నెలలుగా పడి ఉన్నాయి. రెండు జతల ఎడ్లను కట్టి చూశారు. రెండో మలుపు దగ్గర ఎడ్లు మోకాళ్ల మీద పడ్డాయి. ఇంక వాటిని హింసపెట్టలేక బండిని వెనక్కి దించేశారు.

"ఎక్కుతుంది," అన్నాడు అంజనప్ప తమిళంలోనే. "ఆదివారం పొద్దున రాళ్లు సిద్ధంగా పెట్టుకోండి."

మారియాయి మొహం విప్పారింది. నిజమేనా అని రెండోసారి అడగకుండా, ఆయన మాట మార్చుకునేలోపు పోవాలన్నట్టు గబగబా వెళ్లిపోయింది.

ఇంటి పక్క పొలం గట్టు మీద నుంచి అంతా విన్న పాపక్క దిగి వచ్చింది. "ఏమ్రా, ఇంగా ఊరు దాటి పోలే నీ బండి. అప్పుడే కొండంటావా?"

"ఐదు దినాలు ఉండాది కదక్కా."

మొదటి మూడు రోజులూ ఇంట్లో అన్నాలు కూడా వాకిట్లోనే తిన్నారు. అంజనప్ప ప్లగ్గులు తీసి గరుకు కాగితంతో రుద్దాడు. నిప్పురవ్వ పుట్టించే పాయింట్ల మధ్య సందు కొలిచి బిగించాడు. కార్బురేటర్ మీది చిన్న స్క్రూను పావు తిప్పు ఇటు, పావు తిప్పు అటు తిప్పుతూ పొద్దంతా గడిపాడు. పాపక్క కళ్లు మూసుకుని పక్కన కూర్చునేది.

"ఇంగా తిప్పు. ఇంగొంచెం. నిలుపు! ఎనక్కి రా... ఆ. ఇప్పుడు నవ్వతా ఉండాది."

ఇంజను నిజంగానే నవ్వుతున్నట్టుంది. గుడ్డ కుట్టే మిషనులా ఒకే తీరుగా కొట్టుకుంటోంది. స్టీరింగ్‌లో ఉన్న వదులు తగ్గించారు. బ్రేకులు నాలుగూ ఒకేసారి పట్టేదాకా సరిచేశారు. అప్పటిదాకా బానెట్ మీద వేలాడదీసిన డబ్బా నుంచి రబ్బరు పైపుతో పెట్రోలు అందించేవారు. గురువారం తంగరాజ్ అసలైన ట్యాంకు తెచ్చి డ్రైవర్ సీటు కింద బిగించాడు. దానికి లేత్ మీద కోయించిన ఇత్తడి మూత, లోపల రబ్బరు వాషరు.

"బోర్లా వేసి చూడండన్నా, ఒగ చుక్క కారితే నా పేరు మార్చుకుంటా," అన్నాడు తంగరాజ్. ముప్పై ఏళ్ల మనిషి, చేసిన పనిని పదిమంది చూస్తే గాని అన్నం సయించదు. బోర్లా వేసి చూశారు. ఒక్క చుక్క కారలేదు.

శుక్రవారం ముగ్గురూ తొప్పూరు ఘాట్‌కు బయలుదేరారు. కొండకు పోయే ముందు పెద్ద ఎత్తు ఎక్కి చూసుకోవాలని అంజనప్ప ఆలోచన. దారి పొడుగునా నాలుగైదు చోట్ల ఆగారు. పెట్రోలు చూపించే ముల్లు ఇంకా లేదు కాబట్టి, ఆగిన చోటల్లా మూత తీసి పుల్ల ముంచి చూసుకున్నారు. ఘాట్ దిగేటప్పుడు బ్రేకులు చక్కగా పట్టాయి. కింద బంకులో ట్యాంకు నిండా పోయించి, మూత గట్టిగా బిగించి, బండిని ఎత్తు మీదికి తిప్పారు.

మొదటి మలుపు ఎక్కింది. రెండో మలుపులో సరుకుతో మూలుగుతున్న లారీని దాటేసింది. అంజనప్ప కేక పెట్టాడు. తంగరాజ్ వెనకనుంచి లారీవాడికి చెయ్యి ఊపాడు. మూడో మలుపు దగ్గర ఇంజను రెండుసార్లు దగ్గి, ఊపిరి పోయినట్టు ఆగిపోయింది.

ఇందాక దాటేసిన లారీ హారన్ కొట్టుకుంటూ వాళ్లను దాటుకుని పోయింది. ఈసారి చెయ్యి ఊపింది లారీవాడు.

అంజనప్ప బానెట్ ఎత్తాడు. పాయింట్లు తుడిచాడు. మూత తీసి పెట్రోలు చూశాడు, నిండుగా ఉంది. స్టార్ట్ చేస్తే వెంటనే అందుకుంది. "పాయింట్లలో దుమ్ము" అన్నాడు ఊరటగా. పది నిమిషాలు ఎక్కాక మళ్లీ ఆగింది. ఈసారి కార్బురేటర్ విప్పి ఊది బిగించాడు. మూత తీసి చూశాడు, స్టార్ట్ చేశాడు, అందుకుంది. ఇంకొంచెం దూరం పోయి మూడోసారి ఆగింది.

ఎండ నెత్తిన మండుతోంది. అంజనప్ప స్పానరు పట్టుకుని నిలబడ్డాడు కానీ ఏ నట్టు విప్పాలో తెలియలేదు. ఆదివారానికి ఇంక ఒక్క రోజే ఉంది. కొండ మీద, రాళ్ల బరువుతో, ఇలా ఆగితే బండి వెనక్కి దొర్లుతుంది.

"అక్కా, మారియాయికి మనిషిని పంపల్ల. రాలేమని చెప్పల్ల," అన్నాడు చివరికి.

పాపక్క బండి దిగి వచ్చింది. "నువ్వు ఏమీ ముట్టొద్దు. స్పానరు కింద పెట్టు. ట్యాంకు మూత ఒగటి తీసి, మళ్లా పెట్టి, స్టార్ట్ చెయ్యి."

"మూతకూ దీనికీ ఏమక్కా?"

"తియ్యిరా అంటే!"

అంజనప్ప మూత తిప్పాడు. ఉస్స్‌మని శబ్దం వచ్చింది. తిరిగి పెట్టి స్టార్ట్ చేశాడు. మొదటి తిప్పుకే ఇంజను అందుకుంది.

"విన్నారా?" అంది పాపక్క. "తీసినప్పుడంతా అట్లనే ఉస్స్ అంటా ఉండాది. మీరు పాయింటు, కార్బురేటర్ అని కొట్టుకుంటా ఉన్నారు, నేను దాన్నే ఇంటా ఉన్నా. నూనె డబ్బాకు ఒగ బొక్క పెడితే నూనె ఎట్ల వస్తాది? గుడగుడమని నిల్చిపోతాది. గాలి పోయేదానికి ఇంగో బొక్క పెడితేనే దారాళంగా వస్తాది. మీ ట్యాంకుకు గాలి యాడుండాది?"

ఇద్దరు మగవాళ్లూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెట్రోలు తగ్గుతుంటే ఆ ఖాళీలోకి గాలి పోవాలి. తంగరాజ్ మూత గాలిని కూడా పోనివ్వనంత గొప్పగా బిగుసుకుంది. ఇంజను పీల్చి పీల్చి, ఇంక అందక ఆగిపోతోంది. డబ్బాతో నడిపిన రోజుల్లో డబ్బాకు మూతే లేదు.

తంగరాజ్ నెత్తి కొట్టుకున్నాడు. "నా పేరు మార్చుకోవాల్సిందేనా అక్కా?"

అంజనప్పకు ముందు నవ్వు రాలేదు. తర్వాత వచ్చిన నవ్వు ఆగలేదు. ఘాట్ రోడ్డు అంచున రాయి మీద కూర్చుని కళ్లనీళ్లు కారేదాకా నవ్వాడు. మూతను సగం తిప్పి వదులుగా పెట్టుకుని మిగిలిన ఎత్తంతా ఒక్క గుక్కలో ఎక్కేశారు. ఆ సాయంత్రమే తంగరాజ్ షెడ్డులో మూతకు సూది పట్టేంత బొక్క వేశాడు. ఎత్తులో పెట్రోలు చిందకుండా లోపలివైపు చిన్న రేకు ముక్క అడ్డం అతికాడు. శనివారం వాగులో, ఇసుకలో, గట్ల మీద రెండు గంటలు ఆపకుండా తిప్పారు. ఇంజను ఒక్కసారి కూడా దగ్గలేదు.

ఆదివారం పొద్దున కొండ కింద ఇరవై మంది దాకా పోగయ్యారు. మారియాయి తాళ్లు తెప్పించింది. "తాళ్లెందుకు?" అన్నాడు అంజనప్ప. "ఉండనీ" అంది మారియాయి. మర రాళ్లు రెండూ ఎత్తి వెనక పెట్టి కట్టారు. చక్రాలు రాళ్లను పట్టుకోవాలని అంజనప్ప టైర్లలో గాలి కొంచెం వదిలాడు. నాలుగు చక్రాలు లాగే గేరు వేసి, మెల్లగా క్లచ్ వదిలాడు.

దారి అనేది పేరుకే. ఎడ్ల గిట్టలు, వాన నీళ్లు కలిసి కోసిన కందకం. పాపక్క చీర కుచ్చిళ్లు బొడ్లో దోపుకుని ముందు నడిచింది. చెయ్యి చూపిస్తూ అరిచింది. "ఎడం చక్రం ఆ రాయి మీద పెట్టు! ఓరంగా, అంచుకు! నిలుపు!" తంగరాజ్ పెద్ద గుండు రాయి పట్టుకుని వెనక నడిచాడు. బండి జారితే చక్రం కింద పెట్టాలని. జనం రెండు పక్కలా పొదల్లోంచి ఎక్కుతూ, ఇంజనుతో పాటు తామూ రొప్పుతున్నారు.

ఎడ్లు పడిపోయిన రెండో మలుపు దగ్గర ముందు చక్రాలు నేల వదిలాయి. వెనక బరువు ఎక్కువై బండి మూతి పైకి లేచింది. అంజనప్పకు ఆకాశం తప్ప ఏమీ కనబడలేదు. కాలు బ్రేకు మీద బిగుసుకుపోయింది.

"ముందు బరువు కావాల!" అని అరిచింది పాపక్క.

తమిళంలో చెప్పాల్సిన పని లేకపోయింది. మారియాయి పరుగున వచ్చి బానెట్ ఎక్కి కూర్చుంది. ఆమె వెనకే ఇంకో ఇద్దరు ఆడవాళ్లు. మూతి కిందికి దిగింది, చక్రాలు నేల తాకాయి.

"ఇప్పుడు పోరా! ఇంజను గొంతు పట్టకుండా పో!"

అంజనప్ప అర అంగుళం, అర అంగుళంగా క్లచ్ వదిలాడు. చక్రాలు గిర్రున తిరిగి, రాళ్లు వెనక్కి చిమ్మి, ఒక్కసారిగా పట్టు దొరికింది. బానెట్ మీద ముగ్గురు ఆడవాళ్లూ ఒకరినొకరు పట్టుకుని కేకలు పెడుతుండగా జీపు ఆ మలుపు దాటి పైకి వచ్చేసింది. మారియాయి తెచ్చిన తాళ్లు ఎవరి భుజాన వాళ్లకే ఉండిపోయాయి.

పైన ఊళ్లో ముసలివాళ్లు, పసిపిల్లల తల్లులు దారికి అడ్డంగా నిలబడి ఉన్నారు. అక్కడి దాకా అంతకు ముందు ఏ మోటారు బండీ రాలేదు. ఒక ముసలాయన బానెట్ మీద అరచెయ్యి పెట్టి, వేడికి ఉలిక్కిపడి, నవ్వి, మళ్లీ పెట్టాడు. రాళ్లు దించి, మళ్లీ కిందికి పోయి మర తిప్పే ఇంజను తెచ్చారు. మధ్యాహ్నానికి మర సామాను మొత్తం కొండ మీద ఉంది. దాన్ని బిగించే మేస్త్రి బుధవారం వస్తాడని మారియాయి చెప్పింది. తొలిసారి పిండి పట్టేటప్పుడు మీరూ రావాలంది.

"కండిప్పా వస్తాం," అన్నాడు అంజనప్ప. తప్పకుండా అనే ఆ తమిళ మాట ఆయన తెలుగులోనూ ఎప్పుడూ ఉండేదే.

రాగి కోసిన చేలు ఊరి వెనక చదునుగా పరుచుకుని ఉన్నాయి. పాపక్క వాటివైపు కాసేపు చూసింది. తర్వాత నేరుగా పోయి డ్రైవర్ సీట్లో కూర్చుంది.

"అక్కా?"

"నాలుగేండ్లుగా దీని గొంతు ఇంటా ఉండా. ఒగసారి నా కాలితో అరిపించి చూస్తా. గేరు యాడ వెయ్యాల, చెప్పు."

అంజనప్ప పక్కన ఎక్కి చూపించాడు. బండి కప్పలా రెండు గంతులు వేసి ఆగిపోయింది. జనం గొల్లుమన్నారు. పాపక్క తిరిగి స్టార్ట్ చేసింది. కళ్లు మూసుకుని ఇంజను శబ్దం వింటూ, మెల్లగా, చాలా మెల్లగా పాదం వదిలింది. జీపు కదిలింది.

"కండ్లు తెరువక్కా! కండ్లు!" అని అరిచాడు అంజనప్ప.

పాపక్క కళ్లు తెరిచింది. చేతులు రెండూ స్టీరింగ్ చుట్టూ వేసి, రాగి మోళ్ల మీదుగా చేను ఆ చివరికి తోలింది. మారియాయి, ఎవరూ పిలవకుండానే, పరుగెత్తుకొచ్చి వెనక ఎక్కింది.