కొక్కెం దారిలో కోటు

కోటే అయ్యుంటుంది, కాకపోతే ఈ వేడిలో ఆ రెయిలింగ్ దగ్గర ఎవడు నిలబడతాడు, అయినా లివర్ ముందుకు తొయ్యలేకపోతున్నాను, క్రేన్ కేబిన్ నాకు కొత్త కాదు, కొక్కేనికి లాడిల్ నిండా కరిగిన ఉక్కు వేలాడటం కొత్త కాదు, పోయిన నెల ఆఖరి రోజు కూడా ఇలాగే, ఇంకొక్క లాడిల్ పోస్తే టార్గెట్ దాటేస్తాం, గ్రూపు మొత్తానికి ఇన్సెంటివ్ వస్తుంది, వాకీటాకీలో మా షిఫ్టు ఇన్‌ఛార్జి సునీల్ భయ్యా జల్దీ రోహిణి దీదీ జల్దీ అంటూనే ఉన్నాడు, నేనేమో దారిలో మనిషి ఉన్నాడని ఆపేసి హారన్ కొట్టాను, కొట్టినా కదలడు, ఎందుకు కదులుతాడు, అది చెమటకు తడిసిందని మా గ్రూపులో కింద పనిచేసే ఉమేష్ రెయిలింగ్ మీద ఆరేసిన, సెగ తగలకుండా వేసుకునే వెండిరంగు కోటు, వాడు అవతల మజ్జిగ తాగుతున్నాడు, సంగతి తేలేలోపు షిఫ్టు అయిపోయింది, ఇన్సెంటివ్ పోయింది.

కోట్లు అలా ఆరేసే అలవాటు అందరిదీ, తప్పు మాత్రం నా కళ్లది, ఏటి దీదీ, కోటుక్కూడా దారిస్తావా అని క్యాంటీన్లో ఒకటే నవ్వు, నవ్వితే నవ్వారు, ఉమేష్ నవ్వలేదు, అదీ నా బాధ, మా బస్తీ ఖుర్సీపార్‌లో కూరల బండి దగ్గర వాళ్లమ్మ పార్వతమ్మ, ఈ ఎండలకి కూలర్ కొంతానన్నాడమ్మా మావోడు, ఇంకేటి కొంతాడు అని బెండకాయల కొసలు విరిచి చూసుకోవడంలో పడింది, తిట్టినా బాగుండేది, కళ్ల డాక్టరు చూపు బాగానే ఉందన్నాడు, బాగుంటే కోటెందుకు మనిషయింది.

మళ్లీ నెలాఖరు, మళ్లీ టార్గెట్ అంచున ఉన్నాం, అదే రెయిలింగ్ దగ్గర అదే మెరుపు, అది కోటే దీదీ, వచ్చెయ్, సునీల్ భయ్యా గొంతు, ఆయన ఉన్న చోటినుంచి ఆ రెయిలింగే కనబడదు, కోటని ఎలా తెలుసు, ఆయనకు కనబడేది టార్గెట్టే, పోనీ నాకు కనబడేదేమిటి, పోనిచ్చేద్దామా, కూలర్, బెండకాయలు, ఆ నవ్వు, చేయి కదలబోయింది, ఆగింది, రోజూ ఉమేష్ నిలబడే చోటు కూడా అదే కదా, హారన్ కొట్టాను, ఎవరైనా వెళ్లి దాన్ని చేత్తో తీసి చూపించండి, అప్పటిదాకా కదలను, అంతే, వాకీటాకీ నిండా తిట్లు, వాటి మధ్య ఉమేష్, ఏటి దీదీ, మళ్లీనా, నా కొంప ముంచుతావా, ఆ గొంతు వినగానే ప్రాణం లేచొచ్చింది, తిట్టనీ, ఎంతైనా తిట్టనీ, ఏదో ఒక రోజు ఉమేష్‌ని కోటనుకోకుండా ఉండాలంటే, నేను ప్రతి కోటునీ ఉమేష్ అనుకోవాల్సిందే.