గోడ ఉన్నచోట సందు

పటాలు గీసే ఆ ఇంట్లో తండ్రి నాటి నుంచీ ఒక ఆనవాయితీ ఉంది. ఊరి పటం కొత్తగా గీసిన ప్రతిసారీ అందులో ఎక్కడో ఒకచోట లేని సందు ఒకటి ఇరికించాలి. ఎవడైనా కాపీ కొడితే ఆ దొంగ సందుతో సహా దొరికిపోతాడు. అదెక్కడుందో అన్నకీ తమ్ముడికీ తప్ప వాళ్ల పెళ్లాలకు కూడా తెలియదు.

ఈసారి సబ్బుల ఫ్యాక్టరీ వెనక, రెండిళ్ల మధ్య గోడ ఉన్నచోట గీశారు. పటం ఇంకా అచ్చుకు పోలేదు. మూడు నెలల కిందట అనుమతి ముద్ర కోసం పురపాలక ఆఫీసుకు వెళ్లొచ్చింది, అంతే. ఇంతలో ఎదుటి వీధి పోటీదారు తన పటం బజార్లో పెట్టేశాడు. అన్న భూతద్దం పెట్టి చూశాడు. ఫ్యాక్టరీ వెనక నిక్షేపంగా ఉంది సందు!

ఆయనకు ఒళ్లు మండిపోయింది.

"ఎవరికి చూపించావురా?"

"నేనా? నీకేమైనా మతి పోయిందా అన్నా? ఆఫీసులోనూ చూశారుగా!"

"వాళ్లా? మడత కూడా విప్పరు. ముద్ర కొట్టి పారేస్తారు. తెలిసింది మనిద్దరికే. నేనైతే చెప్పలేదు."

ఇరవై ఏళ్లు ఒకే బల్లకు అటొకరు ఇటొకరు కూర్చుని గీసినవాళ్లు. అయితేనేం, అనుమానం మొదలయ్యాక ఆగుతుందా? తమ్ముడు మొన్న తొందరగా ఇంటికి పోవడం, టీ కొట్టు దగ్గర ఆ పోటీవాడితో నవ్వుతూ మాట్లాడటం, అన్నీ ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి.

"రేపట్నుంచి నా గడప తొక్కకు," అన్నాడు అన్న. తమ్ముడు కలాలు సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు.

వారం తర్వాత, కేసు వేయడానికి రుజువుగా ఆ గోడ ఫోటో తీద్దామని అన్న వెళ్లాడు. తీరా చూస్తే గోడే లేదు. ఆ ఖాళీలోంచి ఎవడో సైకిల్ తొక్కుకుంటూ వచ్చాడు.

"ఇక్కడి గోడేదమ్మా?" అని బట్టలారేస్తున్న ఆవిణ్ణి అడిగాడు.

"ఇంకెక్కడి గోడ బాబూ! రెండు నెలల కిందట ఆఫీసువాళ్లు పటం పట్టుకొచ్చి, సందు మూసి గోడ కట్టారేంటని మా మీద కేకలేసి పడగొట్టించారు. మొన్నామధ్య పటం గీయాలంటూ ఇంకెవరో వచ్చి టేపు పెట్టి కొలుచుకుపోయారు. ఆ మొదటి పటం గీసినోడి చేతులు పడిపోను!"

అన్నకు తల కొట్టేసినట్టయింది. అటునుంచటే తమ్ముడింటికి పరిగెత్తాడు. గుమ్మంలో మరదలు ఎదురైంది.

"పనికెళ్లారు బావగారూ. మీ ఎదుటి వీధికే."

పోటీదారు కొట్లో కిటికీ పక్కన తమ్ముడు వంగి గీస్తున్నాడు.

"తప్పయిపోయిందిరా," అన్నాడు అన్న. "నువ్వు ఏ పాపం ఎరగవు. ఇంటికి రా."

తమ్ముడు కలం కింద పెట్టాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. లేవబోయాడు.

"మన పాత పటాల్లో సందుల సంగతి వీళ్లకేం చెప్పలేదు కదా?" అని నోరు జారాడు అన్న.

తమ్ముడు మళ్లీ కూర్చున్నాడు.

"ఇది అడగడానికా వచ్చావు?" అని కలం చేతిలోకి తీసుకున్నాడు.