నాలుగు మూలల పసుపు

దబ్బనానికి దారం ఎక్కించి చిలుకమ్మ గుడ్డ కవరు మూడో అంచు కుట్టుకొస్తోంది. ముందున్న స్టూలు మీద చిన్న దీపం, దాని సెగకు మెత్తబడుతున్న లక్క కడ్డీ. ఎడమ బొటనవేలి మీద ఇరవై రెండేళ్ల లక్క చుక్కల మచ్చలు, కందిగింజలంతేసి. భర్త పోయాక, వరంగల్ కోర్టు కచ్చేరిలో అతని జాగాలో ఇచ్చిన కొలువిది. ఈ సాయంత్రంతో సరి.

పొద్దున్నే బిడ్డ సుగుణను డోర్నకల్ బండి ఎక్కించి వచ్చింది. సుగుణ అక్కడ పంతులమ్మ. బండి పది నిమిషాలు ఆలస్యమైతే చాలు, పట్టాలు తప్పిందని చిలుకమ్మ గుండె జారిపోతుంది. కానీ ఇవాళ్టి భయం బండిది కాదు. బల్ల మీద, ఇంకా కవరులో పెట్టని లేఖది.

ఎనిమిదేళ్ల కింద, ఎన్నికల్లో నిలబడ్డ వెంకట్రాజాన్ని మరిపెడ తొవ్వలో చంపారు. ఎవరు చంపారో నేటికీ తేలలేదు. హంతకులను జీపులో తెచ్చిన డ్రైవరు గల్ఫులో ఉన్నాడని తెలిసి, అతని వాంగ్మూలం తీసి పంపమని అక్కడి సర్కారుకు కోర్టు నిరుడు లేఖ రాసింది. కవరులో పెట్టేముందు చిలుకమ్మ ఎవరూ చూడకుండా దాని నాలుగు మూలలా పసుపు అద్దింది. పరాయి గడపకు సాయం అడగబోతున్న కాగితం. పెండ్లి పత్రికకు పెట్టమా?

పదకొండు నెలలకు అది తిరిగొచ్చింది. మూలల్లో పచ్చటి మరకలున్నాయి, ఎవరైనా కాగితం మార్చారేమో, శుభ్రమైన ప్రతి పంపండి అని.

అప్పట్నుంచి వరండాలో బూట్ల చప్పుడైతే బేడీలే అనుకుంటోంది. అంతకన్నా పెద్ద భయం ఇంకొకటుంది. మొగుడు పోయిన చేయి పసుపు ముట్టింది, అందుకే లేఖ ముఖం తిప్పుకుని వచ్చేసిందని.

చెప్పకుండా పోతే ఇంటికి పోయినా నిద్రపట్టదు. కుట్టు ఆపి సూపరింటెండెంటు రాజేశ్వర్ రావు బల్ల దగ్గరికి వెళ్లింది.

"సార్, జర ఒక మాట. నిరుడు ఆ మరకలు పెట్టింది నేనే."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఎరుకే. ఆ దినం చాయ్ తెచ్చినప్పుడు నీ వేలు పచ్చగున్నది."

"మరి అడుగకపోతిరి?"

"అడిగితే బావిల దుంకుతవని."

కొత్త లేఖ రెండో పేజీ చూపించాడు. "ఇగో, రాసిన. అవి పసుపు మరకలు, మా దిక్కు శుభం కోరి పెడ్తరు అని. జడ్జిగారు సంతకం గూడ చేసిండు."

"నమ్ముతరా సార్ వాళ్లు?"

"వాళ్లు కూరల ఏసుకోరా పసుపు? పో, కమలకు గూడ నువ్వే చెప్పు."

అదే కష్టం. కమల వెంకట్రాజం భార్య. నెలనెలా వచ్చి, "జవాబొచ్చిందా అక్కా" అని అడిగి పోతుంది. ఇవాళ చిలుకమ్మకు ఆఖరి దినమని మక్క కంకుల మూట తెచ్చి వరండా బల్ల మీద కూర్చుంది. చిలుకమ్మ ఆమె పక్కన కూర్చుని, ముఖం చూడకుండా, అంతా చెప్పింది.

"నీకు ఏడాది ఖరాబు చేసిన చెల్లే. ముండమోసిన చేయి ఇది, ముట్టొద్దని తెలిసి గూడ..."

కమల కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. తర్వాత భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుంది చిలుకమ్మ. నవ్వుతోంది.

"నాకు గూడ గదే చేయి గదక్కా. ఏంజేద్దాం, నరుక్కుందామా?" కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఎనిమిదేండ్ల సంది నా మొగని కాగితం అందరికీ బరువే. దానికి మంచిగావాలని మనసుల అనుకున్నదానివి నువ్వొక్కదానివే. ఏడాది పోతే పోనీ."

చిలుకమ్మ సబ్బుతో మూడుసార్లు చేతులు కడుక్కుంది. లేఖను కవరులో పెట్టి, కుట్టి, ఐదుచోట్ల లక్క పోసి ముద్ర నొక్కింది. కమల గడప దగ్గర నిలబడి చూసింది.

"మరి పసుపు?"

"అమ్మో, మళ్ల వాపసొస్తది."

"కాగితానికి ఒద్దక్కా. గడపకు పెడ్దాం."

చిలుకమ్మ చేతి సంచిలోంచి చిన్న రేకు డబ్బీ తీసింది. ఎన్నో ఏళ్లుగా పసుపు ముట్టని కమల వేలు డబ్బీ మీద కాసేపు ఆగింది, తర్వాత దిగింది. గడపకు ఒక కొస ఆమె, ఇంకో కొస చిలుకమ్మ పూశారు. లోపలి గుమాస్తాలు నవ్వారు.

"ఏందమ్మా, కచ్చేరికి పెండ్లా?"

"పెట్టనీయుండ్రి," అన్నాడు రాజేశ్వర్ రావు. "మరకలున్నయని గడపనైతే ఎవ్వడు వాపసు పంపడు."

నాలుగింటికి టపా సారయ్య సంచి భుజాన వేసుకుని ఆ గడప దాటాడు. వీధి మలుపు తిరిగేదాకా ఇద్దరాడవాళ్లూ చూశారు.

ఐదింటికి చిలుకమ్మ దీపం ఆర్పి, ముద్రను రాజేశ్వర్ రావు చేతిలో పెట్టి, కంకుల మూట నెత్తినెత్తుకుంది. సుగుణ తిరిగొచ్చే బండి వేళయింది. ఆలస్యమైతే ఎట్లా అని ఒక ఫికర్, మూటలోంచి కంకి జారిపడుతుందేమోనని ఇంకొకటి. కమల వెనక నుంచి మూట పట్టుకుని నవ్వుతూ నడిచింది.

స్టూలు మీద, చల్లారిన లక్క పక్కన, మూత మరిచిన రేకు డబ్బీ ఉండిపోయింది. పసుపులో పక్కపక్కనే రెండు వేళ్ల గుంతలు.