పెట్టెలో పడని కవరు

హార్లన్ ఊరి టౌన్‌హాలు ముందున్న ఓట్ల పెట్టెకు తాళం వేసే పని పదకొండేళ్ళుగా వెర్నాదే. లారీ గుద్దినా కదలని ఇనుప పెట్టె అది. ఎన్నికలకు పద్దెనిమిది రోజుల ముందు దాన్ని తెరుస్తారు. పోస్టులో ఇంటికొచ్చిన బ్యాలెట్ నింపి, కవరు మీద సంతకం పెట్టి, ఎవరికి వీలున్నప్పుడు వాళ్ళొచ్చి పడేసి పోతారు. అన్నాళ్ళూ అక్కడ పలకరించే మనిషంటూ ఉండడు. ఆఖరి రోజు సాయంత్రం మాత్రం రెండు పార్టీల నుంచి చెరొకరు వచ్చి నిలబడతారు. ఎనిమిది కొట్టేసరికి వరసలో ఉన్నవాళ్ళ కవర్లు పడనిచ్చి, తాళం వెయ్యాలి. ఆ తర్వాత దేవుడొచ్చినా కుదరదు.

ఈ పనికి వెర్నాను మించిన మనిషి వాషింగ్టన్ రాష్ట్రం మొత్తం వెతికినా దొరకదు. ముప్ఫై ఏళ్ళు హైస్కూల్లో ఆలస్యం చీటీలు రాసిన చెయ్యి ఆమెది. ఆమెతోపాటు పెట్టె దగ్గర నిలబడే లైల్ ఒకప్పుడు అదే స్కూలు బస్సు నడిపాడు. మంచులో బస్సు జారి నాలుగు నిమిషాలు ఆలస్యమైన రోజున ఆయన బస్సులోని పిల్లలందరికీ, చిట్టచివర ఆయనకూ కలిపి చీటీలు రాసిచ్చిన మహాతల్లి ఆమె. ఆ చీటీ ఇప్పటికీ తన పర్సులో ఉందని లైల్ అందరికీ చెప్పుకుంటాడు.

టైముకి రాని మనుషులంటే వెర్నాకు ఒళ్ళు మంట. వాళ్ళలో అందరికన్నా ముందుండేది ఆమె సొంత చెల్లెలు ఆర్లిస్. బడికి ఆలస్యం, చర్చికి ఆలస్యం, తన పెళ్ళికి తనే ఆలస్యం.

ఆరేళ్ళ క్రితం తల్లి అంత్యక్రియలు పది గంటలకు. ముందు రాత్రి మంచు కురిసి, తన బేరి తోటలో పూత మాడిపోకుండా తెల్లవార్లూ చలిగాలిని చెదరగొట్టే పెద్ద ఫ్యాన్లు తిప్పుకుంటూ ఉండిపోయింది ఆర్లిస్. కాసేపు ఆగుదామా అని పాస్టరు అడిగితే వెర్నా ఒప్పుకోలేదు. ఆర్లిస్ బురద బూట్లతో పరుగెత్తుకొచ్చేసరికి పదీ ఇరవై. శవపేటిక మూత బిగించేశారు. ఒక్కసారి తెరవమని ఆమె బతిమాలింది. వెర్నా అందరూ వినేలా, "అమ్మ బతికినన్నాళ్ళూ నీకోసం ఎదురు చూస్తూనే ఉంది. ఇక చాల్లే" అంది. ఆ మాటతో అక్కాచెల్లెళ్ళ మధ్య మాటలు ఆగిపోయాయి. తర్వాత రెండు క్రిస్మస్‌లకు ఆర్లిస్ పంపిన ఉత్తరాలను వెర్నా విప్పకుండానే తిప్పి పంపింది.  ఉత్త మొండితనం.

ఈ నవంబరులో ఎన్నికల సాయంత్రం సన్నగా వాన. ఏడూ యాభై ఎనిమిదికి ఎదురు వీధిలోంచి ఓ పాత పికప్ బండి కదిలి వచ్చి పార్కింగులో ఆగింది. దాని సొట్టపడ్డ తలుపు చూడగానే వెర్నాకు ఎవరో తెలిసిపోయింది. ఆర్లిస్ దిగింది. చేతికర్ర వచ్చిందని వెర్నాకు తెలియదు. ఇంకో చేతిలో కవరు. మెల్లగా, తడి నేల మీద అడుగులో అడుగేసుకుంటూ వస్తోంది.

"మనిషి కళ్ళెదురుగా వస్తోంది కదా వెర్నా గారూ, వరసలో ఉన్నట్టే లెక్క" అన్నాడు లైల్.

"వరసంటే పెట్టె ముందు నిలబడటం. పార్కింగులో నడవటం కాదు."

"కర్ర పట్టుకున్న మనిషండీ. నాలుగడుగులు!"

"పద్దెనిమిది రోజులు తెరిచే ఉంచాం లైల్ గారూ. ఆ నాలుగడుగులు నిన్న వెయ్యకూడదా?"

లైల్ ఫోనులో ఎనిమిదైంది. వెర్నా తాళం తిప్పింది. ఆ చప్పుడుకి ఆర్లిస్ ఒక్క క్షణం ఆగి, మళ్ళీ నడిచి, ఎదురుగా వచ్చి నిలబడింది.

"అక్కా..." అంది. ఆరేళ్ళ తర్వాత వినిపించిన పిలుపు. "ఇది..."

"టైమైపోయింది ఆర్లిస్. ఎప్పట్లాగే."

ఆర్లిస్ చేతిలో కవరు వంక చూసుకుంది, అక్క వంక చూసింది. "సరేలే అక్కా" అని కవరు కోటు జేబులో పెట్టుకుని వెనక్కి నడిచింది. బండి చాలాసేపటికి గానీ స్టార్టవ్వలేదు.

కవర్లు నింపి సీలు వేసిన సంచితో, ఓట్లు లెక్కపెట్టే కౌంటీ ఆఫీసుకు వెళ్ళే దారంతా ఏదో ఒక పాట కూనిరాగం తీసే లైల్ ఆ రోజు వానలో రోడ్డు వంకే చూస్తూ కూర్చున్నాడు. తాను చట్ట ప్రకారమే చేశానని వెర్నా తనకు తానే నాలుగైదుసార్లు చెప్పుకుంది. ఒకసారి చెప్పుకుంటే సరిపోయే మాటను అన్నిసార్లు ఎందుకు చెప్పుకోవాల్సి వచ్చిందో తెల్లారేసరికి అర్థమైంది. ఒక మనిషి ఓటు పోగొట్టింది తను. అదీ కోపంతో.

పొద్దున్నే కౌంటీ ఆఫీసుకు వెళ్ళింది. జీవితంలో మొదటిసారి కౌంటరుకు ఇవతల నిలబడి, "నావల్ల పొరపాటు జరిగింది. వరసలో ఉన్న మనిషిని కాదన్నాను. రాసుకోండి" అంది. కౌంటర్లో ఉన్నమ్మాయి ఆ ఓటరు పేరు, పుట్టిన తేదీ అడిగింది. వెర్నా తడుముకోకుండా చెప్పింది. పుట్టిన రోజున ఆ పిల్లను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది తనే మరి.

అమ్మాయి కంప్యూటరు చూసి నవ్వింది. "మీరు కంగారు పడకండి. ఆవిడ ఓటు అక్టోబరు ఇరవై రెండునే వచ్చేసింది. సంతకం సరిపోయింది, లెక్కలోకీ వెళ్ళింది."

"ఇంకోసారి చూడమ్మా."

"రెండుసార్లు చూశానండీ. అందరికన్నా ముందొచ్చినవాటిలో ఒకటి."

వెర్నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఓటు కవర్ల మీద నీలం గీత ఉంటుంది. పదకొండేళ్ళలో అలాంటివి వేలకు వేలు చూసింది. రాత్రి ఆర్లిస్ చేతిలోది ఉత్త తెల్ల కవరు. మనిషిని చూడలేదు, కవరును చూడలేదు, గడియారం ఒక్కటే చూసింది. తన మీద తనకే అసహ్యమేసింది.

ఆర్లిస్ ఇంటిదాకా పాతిక మైళ్ళు కారు ఎలా నడిపిందో తెలియదు. తలుపు తీసిన ఆర్లిస్ ఆశ్చర్యపోలేదు. "లోపలికి రా, చలిగాలి వస్తోంది" అని వంటగదిలోకి దారి తీసింది.

వెర్నా కూర్చోలేదు. "రాత్రి నువ్వు తెచ్చింది ఓటు కాదు."

"కాదు."

"నాకా?"

"ఇంకెవరికి? పోస్టులో వేస్తే తిప్పి కొడతావు. ఆ పెట్టె దగ్గరైతే ఎవరు కవరు తెచ్చినా వద్దనలేవు కదా అనుకున్నా." ఆర్లిస్ చిన్నగా నవ్వింది. "నీ సంగతి నాకింకా సరిగ్గా తెలియలేదన్నమాట."

"మరి ఆ చివరి నిమిషం దాకా ఏం చేశావే?"

"ఏడింటికే వచ్చా అక్కా. ఎదురు వీధిలో బండిలోనే గంటసేపు కూచున్నా. నువ్వు చేతులు రుద్దుకోవడం, లైల్ నీకు గొడుగు పట్టడం, అన్నీ చూశా. దిగడానికే ధైర్యం చాల్లేదు."

వెర్నా చెయ్యి చాచింది. "ఇప్పుడివ్వు. చదువుతా."

"రాత్రి ఇంటికి రాగానే పొయ్యిలో వేసేశా."

"ఏం రాశావు? నోటితో చెప్పు."

"ఆరేళ్ళు పట్టింది అది రాయడానికి. ఈ వంకరపోయిన వేళ్ళతో ఒక్కో ముక్కా కూడగట్టి రాశా. మళ్ళీ నావల్ల కాదు." ఆర్లిస్ గొంతులో కోపం లేదు, అలసటే ఉంది. "టైమైపోయిందని నువ్వే అన్నావుగా."

"తప్పు నాదే ఆర్లిస్. రాత్రిదీ నాదే. ఆ రోజు అమ్మ దగ్గరా నాదే."

ఆర్లిస్ తల ఊపింది. అవునందో, విన్నానందో తెలియలేదు. రెండు కప్పుల్లో కాఫీ పోసింది.  ఒక్క కాగితం ముక్కయినా మిగిలి ఉంటుందేమోనని వెర్నా కళ్ళు పొయ్యి వైపే వెళ్ళాయి. లోపల శుభ్రంగా ఊడ్చి ఉంది. అన్నిటికీ ఆలస్యమయ్యే ఆర్లిస్, బూడిద ఎత్తి పారబొయ్యడం మాత్రం పొద్దున్నే చేసేసింది.